తునికాకు కల్లంలో మా సంఘం పెద్ద

సిరొంచ దగ్గరి, బీడీల తునికాకు ఆరబెట్టే కల్లంలో మా కూలీ సంఘానికి ఆమే పెద్ద. కట్టలు లెక్కగట్టే గుత్తేదారు మనిషి, మున్షీ, ఎవరి ఆకు కట్టలనైనా అన్యాయంగా విసిరేస్తే ఆమె అరిచేది కాదు, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడేది. ఆడవాళ్ళందరూ పని ఆపేవారు. ఎండలో ఆరబెట్టిన కట్టలు తిప్పకపోతే ఆకు పాడవుతుంది గనుక మున్షీ దిగివచ్చేవాడు.

మొన్నటి వేసవిలో మాత్రం కట్టలు విసిరేసి మున్షీ నవ్వాడు. "కొత్త కానూన్ వచ్చిందమ్మా. పని ఆపాలంటే ముందుగాల నోటీసియ్యాలె. లేకుంటే జుర్మానా."

"నోటీసు గడువు తీరేసరికి ఆకు సీజనే అయిపోతది గదరా!"

"గది ఆకునడుగు."

ఆ చట్టం రాసినవాళ్ళలో ఒక్కడైనా ఈ ఎండలో వంగి ఆకు తెంపాడా?

ఆమె చేతులు చంకల్లో పెట్టుకుంది. మిగతావాళ్ళు తలలు వంచుకుని కట్టలు తిప్పుతూనే ఉన్నారు, ఆమె కోడలితో సహా.

"జుర్మానా ఏడికెల్లి కడుదుమత్తా?"

"నిన్నేమన్న అన్ననా బిడ్డా? తిప్పుకో. నేనైతే తిప్ప."