లచ్చయ్య తాత ఆరబెట్టిన ఇల్లు

ఇప్పుడే దండెం మీద నుంచి బొంత తీసి భుజాన వేసుకున్నాను. పగటి ఎండంతా పీల్చుకుని వెచ్చగా ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని ముఖం అందులో పెట్టి గట్టిగా వాసన చూశాను. ఎండకు వాసన ఉండదనేవాళ్ళు చలికాలంలో ఏనాడూ బొంత ఆరేసి ఉండరు. ఈ వాసన తగిలినప్పుడల్లా నాకు లచ్చయ్య తాత గుర్తుకొస్తాడు. ముందు నవ్వొస్తుంది, కాసేపటికి కళ్ళు చెమరుస్తాయి.

మహారాష్ట్ర అంచునున్న సిరోంచలో బడి టీచరు ఉద్యోగం వచ్చి, నది వైపు వీధిలో ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకున్న తొలి చలికాలం అది. మా ఆయన భామ్రాగడ్ వైపు రోడ్డు పనుల్లో ఉండి పదిహేను రోజులకోసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో నేనూ, మూడేళ్ళ మా మీనా. ప్రాణహిత మీది మంచు తెల్లవారేసరికి మా గుమ్మం దాకా వచ్చేది. కార్తీకం వెళ్ళగానే పిల్లకు దగ్గు పట్టుకుంది. డాక్టరు మందులు రాసిచ్చి, ఇల్లు శుభ్రంగా, పొడిగా ఉంచమన్నాడు. నేను శుభ్రం అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

దానికి కారణముంది. అమ్మానాన్నలు కూలి చేసి మమ్మల్ని చదివించారు. అమ్మ ఇతరుల వాకిళ్ళలో చాకిరీ చేసి ఎంత అలసి వచ్చినా, మా గుడిసె నేలను అద్దంలా ఉంచేది. మురికోళ్ళు అన్న మాట మా గురించి ఎవరి నోటా రాకూడదని ఆమె పంతం. "నేల మీద అన్నం ఏసుకొని తినేటట్టుండాలె" అనేది. ఆ పంతం నాకూ వచ్చింది. డాక్టరు మామూలుగా అన్న మాట నన్ను మురికిదానివి అన్నట్టే తగిలింది. ఇక చూసుకోండి, పొద్దునా సాయంత్రం బకెట్లకొద్దీ నీళ్ళు పోసి నేల కడిగాను. చలిగాలి రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాను. మీనాను అంగన్‌వాడీలో దింపి నేను బడికి పోతే బట్టలు చూసేవాళ్ళుండరని గదిలోనే తాడు కట్టి ఆరేశాను. గోడలు చెమర్చాయి. బీరువా వెనక నల్లటి బూజు మచ్చలు లేచాయి. కడిగితే పోయేవి, రెండు రోజులకు మళ్ళీ తయారయ్యేవి. నేనూ పట్టు వదల్లేదు, బూజూ వదల్లేదు. పిల్ల దగ్గు మాత్రం పెరిగింది.

చామోర్షిలో మా అన్న దగ్గరుండే అమ్మ ఒకరోజు ఫోన్లో తేల్చేసింది. "ఆ ఇల్లు పిల్లకు పడుతలేదు. ఆదివారం నేనొస్త. చలికాలం పొయ్యేదాంక దాన్ని తోల్కపోత" అంది. మీనా లేకుండా మూడు నెలలు ఎలా ఉండను? ఆ సాయంత్రం ఏడుస్తూనే నేల కడిగాను.

ఆ నీళ్ళు గుమ్మం దాటి వీధిలోకి పారాయి. పక్కింటి లచ్చయ్య తాత వాటిలో కాలు జారి, గోడ పట్టుకుని ఆపుకున్నాడు. ఆయన అల్లపల్లి కలప డిపోలో టేకు పలకలను దొంతర్లు పేర్చి ఆరబెట్టే పని ఏళ్ళ తరబడి చేసి, కొడుకు దగ్గరికి వచ్చినవాడు. "ఏంది బిడ్డా, ఇంట్ల నారు పోస్తున్నవా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. లోపల మీనా దగ్గింది. చెప్పులు విడిచి ఆయన గదిలోకి వచ్చాడు. ఏమంటాడోనని బిక్కచచ్చి నిలబడ్డాను. తాత నాలుగు మూలలూ చూశాడు.

"గింత సాఫ్ ఇల్లు నేనేడ సూడలే" అన్నాడు. "గని దీనికి ఊపిరి ఆడుతలేదు."

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ మాటతో బయటికొచ్చింది. తాత కంగారుపడి, పని చెబితే ఊరుకుంటాననుకున్నాడో ఏమో, బీరువా ఒక పక్క పట్టుకోమన్నాడు. ఇద్దరం దాన్ని గోడకు బెత్తెడు దూరం జరిపాం. ఆయన ఇంటికి పోయి టేకు ముక్కలు తెచ్చి దాని కాళ్ళ కింద పెట్టాడు.

"పచ్చి టేకు పలకను గోడకు ఆనిచ్చి పెడితే నల్లబడుతది బిడ్డా. పలకకు పలకకు నడుమ పుల్ల పెట్టాలె, కిందికెల్లి ఎత్తు పెట్టాలె. గాలి పొయ్యేతందుకు తొవ్వ ఇయ్యాలె. టేకుకే గట్లయితే ఈ సున్నపు గోడెంత?" అంటూ కిటికీ సందుల్లోని గుడ్డలన్నీ పీకేశాడు. "మంచు తెగినంక తెరువు, పొద్దు వాలకముందే మూయి."

"ఆ టైముకు నేను బడిలో ఉంటా తాతా."

"మరి నేను సచ్చిన్నా? తాళంచెయ్యి ఇటియ్యి."

అలా మా ఇంటి తాళం ఆయన మొలతాడుకు చేరింది. మర్నాటి నుంచి నేను బడి వదిలి వచ్చేసరికి తాత మా వాకిట్లో బొంతను కర్రతో బాదుతూ కనిపించేవాడు. బట్టల తాడు పెరట్లో ఎండ పడే వైపుకు మారింది. "తాతకు కొత్త డిపో దొరికింది" అని వీధిలో వాళ్ళు ఆటపట్టించినా ఆయన లెక్కచేసేవాడు కాదు. వారమంతా ఊడిస్తే చాలనీ, సెలవు రోజు మధ్యాహ్నం పిండిన గుడ్డతో తుడవాలనీ ఆజ్ఞ. చేతులూరుకోక నేనొక సాయంత్రం బకెట్ ఎత్తానో లేదో, "బిడ్డా, బకెట్ సప్పుడైతాంది!" అని గోడ అవతలి నుంచి కేక వినిపించింది. దొంగలా దించేశాను. అలాగని తనేదో వైద్యం చేస్తున్నట్టు ఆయన ఎన్నడూ అనలేదు. "ఇల్లు నేను ఎండవెడ్త, పిల్లకు మందు నువ్వు పొయ్యి, జర మరువకు" అనేవాడు.

ఆదివారం అమ్మ దిగింది, మీనా బట్టలకని ఒక ఖాళీ సంచితో. గుమ్మంలోనే, "ఏందే, ఇల్లు ఖాళీ జేస్తున్నవా? సామానంత నడుమకొచ్చింది!" అంది. వంగి నేలను వేలితో రాసి చూసింది. "నేల కడుగలే?"

తాత వచ్చి చల్లగా చెప్పాడు, "నేనే వద్దన్న చెల్లె."

"నీళ్ళు పొయ్యకుంటె ఇల్లెట్ల శుభ్రమైతది?"

"తానం జేసినంక ఒళ్ళు తుడుసుకుంటవా, తడితోనే పంటవా?"

అమ్మ ఖాళీ సంచి గుమ్మంలోనే పెట్టి లోపలికి వచ్చింది. మాటల్లో ఆమె ఓడిపోవడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం. అయినా ఒప్పుకోలేదు. మీనా పడుకునే చోట గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది. తర్వాత చీర చెంగుతో ఆ చెయ్యి తుడుచుకోబోయి, తుడిచేందుకు తడి ఏమీ లేక, చెయ్యి వైపే చూసుకుంది. "రెండొద్దులుండి సూస్త" అంది. నేను ఆ రెండు రోజులూ మీనాకు మందు వేళ తప్పకుండా పోశాను. మూడోనాడు పొద్దున టీ తాగుతూ, "రాత్రి పిల్ల దగ్గలే. దగ్గుతదేమో అని నాకే నిద్రవట్టలే" అంది. నేను లేచి వంటింట్లోకి పోయి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

బస్సుకు బయల్దేరేటప్పుడు ఆమె సంచి ఖాళీగా లేదు. దాంట్లో నాలుగు టేకు ముక్కలున్నాయి. "మా కొడుకింట్ల బీరువ కిందికి" అని తాతను తానే అడిగి తీసుకుందట, నాకు చెప్పకుండా.

తాత ఆ తర్వాత ఇంకా కొన్ని చలికాలాలు మా కిటికీలు తెరిచి మూశాడు. ఇప్పుడు లేడు. కిటికీ ఎప్పుడు తెరవాలో, గుడ్డ ఎంత పిండాలో ఆయన కాకపోతే ఇంకెవరైనా నేర్పేవారేమో. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది వేరే ఉంది. చలికాలంలో మా తరగతి పిల్లలెవరైనా రెండు రోజులు వరుసగా బడికి రాకపోతే నేను ఇంటికి వెళతాను. నన్ను చూడగానే తల్లి గబగబా చీపురో గుడ్డో అందుకుని, "ఇల్లు గిట్లుంది మేడం" అంటూ తల దించుకుంటుంది. చూస్తే నేల అప్పుడే కడిగి ఉంటుంది. నాది అసలే ఆగని నోరు, చెప్పాల్సినదంతా నాలుక చివరే ఉంటుంది. అయినా ముందు కూర్చుంటాను. టీ ఇస్తే తాగుతాను. వాళ్ళ పిల్ల లెక్కలు ఎంత చురుగ్గా చేస్తుందో చెబుతాను. ఆమె తలెత్తి నా ముఖం చూసి మాట్లాడేదాకా ఆగి, అప్పుడు లేచి, గోడకు ఆనించిన మంచం దగ్గరికి పోయి, "అక్కా, జర ఈ మంచం ఆ కొస పట్టు" అంటాను.