వనపర్తి నుంచి నేను తెచ్చిన కొమ్మ

మా చిన్నప్పుడు... వనపర్తి నుంచి ఊరికి వచ్చే బస్సులో, నా ఒళ్ళో తడిగుడ్డ చుట్టిన ఒక కొమ్మ. మా మేనత్త ఇంటి ముందు కంచెకు పెంచుకున్న చెట్టు అది. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, ఎరుపు పూలు... ఇవాళ పసుపుగా ఉన్న పువ్వు రెండు రోజులకు ఎర్రబడేది. అదెట్లా మారుతుందో చూడాలని నాకు ఒకటే ఆరాటం. అత్త దాన్ని తలంబ్రాల చెట్టు అనేది. లాంటానా అంటారని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా ఊరు నాగర్‌కర్నూల్ అవతల, నల్లమల అంచున. ఊరి వెనక గుట్ట నిండా తునికి, మొర్రి, బలుసు పొదలు... వాటి మధ్య మోకాలెత్తు గడ్డి. మా కర్రావు మేతంతా ఆ గుట్ట మీదే.

మా అవ్వ, అంటే నాన్న వాళ్ళమ్మ, ఆకు నలిపి వాసన చూసి ముక్కు చిట్లించింది.

"ఏం చెట్టే ఇది? గింత కంపు కొడ్తది!"

అయినా నా ముఖం చూసి దొడ్డి పక్కన నాటుకోనిచ్చింది. మేకలు మూతి పెట్టి వెనక్కి పోవడం చూసి నాన్నకు అది తెగ నచ్చింది. రెండేళ్ళలో దొడ్డి చుట్టూ అల్లుకుంది. నల్లటి చిన్న పండ్లు కాసేది. వాటి కోసం పొద్దున్నే పికిలిపిట్టలు దిగేవి.

మా దగ్గర విత్తనం వేయగానే చేను చుట్టూ కంప వేస్తారు. ముళ్ళకంప కొట్టి, తాడు కట్టి, ఈడ్చుకొచ్చి గట్టు మీద పేరుస్తారు. ఆ ఏడు నాన్న రేగుకంప కోసం తిరగకుండా మా దొడ్డి చెట్టునే కొట్టి, పండ్లతో సహా గుట్ట వాలు మీదుగా చేను దాకా ఈడ్చాడు. మేకలు ముట్టని కంప అంటే ఎవరికి చేదు? ఇంకో నలుగురు అడిగి మరీ తీసుకెళ్ళారు.

మరుసటి వానాకాలం ఒక సంగతి కనిపెట్టాను. వాలు మీద కొత్త మొలకలు... ఎక్కడ పడితే అక్కడ కాదు, ఒకే వరసలో! వాటి వెంట నడుచుకుంటూ పోతే సరిగ్గా మా చేనికి చేరాను. అది కంప ఈడ్చిన దారి! ఏదో ఘనకార్యం చేసినట్టు ఎగురుకుంటూ వచ్చి అవ్వకు చెప్పాను. ఆమె నవ్వలేదు.

ఇంకో రెండేళ్ళకు అవి మనిషెత్తు పొదలయ్యాయి. కింద గడ్డి పోచ లేదు. కర్రావు సాయంత్రం ఖాళీ కడుపుతో ఇంటికొచ్చి మమ్మల్నే చూస్తూ నిలబడేది.

"మేత ఏడికెళ్ళి తేవాలె అమ్మా? వచ్చే వానలకు గుట్ట మీద గడ్డి రాకుంటే సంతకు తోలుకపోత," అన్నాడు నాన్న అవ్వతో.

నాకు ఏడుపు ఆగలేదు. కొమ్మ తెచ్చింది నేను... ఇల్లు విడిచి పోయేది కర్రావు!

అప్పటికే నాన్న ఆ పొదల్ని రెండుసార్లు నరికాడు. నరికిన చోట ఒకటికి నాలుగు కొమ్మలొచ్చాయి. ఒకసారి కాలబెట్టాడు. మళ్ళీ చిగురే.

"దీని పానం ఏడుందో జర చూద్దాం పా," అని అవ్వ గడ్డపార అందుకుంది.

తవ్వి చూస్తే చిగుళ్ళన్నీ నేల కింద మూడు వేళ్ళ లోతులో, ఉబ్బిన ఒక మొదలు నుంచి వస్తున్నాయి. దాని కిందికి గడ్డపార దింపి రెండు పొదలు పెకిలించాం. ఒకదాన్ని అక్కడే నేల మీద వదిలేశాం. ఇంకోదాన్ని వేళ్ళు పైకి వచ్చేలా బండ మీద తలకిందులుగా పెట్టాం. ఇక రోజూ బడి నుంచి రాగానే అక్కడికే నా పరుగు. ఎండాకాలం మొదట్లో ఒక అకాల వాన పడింది... నేల మీద ఉన్నదానికి చిగురొచ్చేసింది. బండ మీది మాత్రం ఎండి కట్టెపుల్ల అయింది.

"దొరికింది బిడ్డా! తలకిందులు పెడ్తెనే సస్తది ఇది!" అవ్వ నాకంటే చిన్నపిల్లయిపోయింది.

ఎండలు ముదిరేదాకా అదే పని. పండ్లున్న కొమ్మల్ని ఈసారి ఈడ్చలేదు, గోనెసంచిలో కుక్కి తెచ్చి దొడ్లో కాల్చాం. మొదట మమ్మల్ని చూసి నవ్విన నాన్న, తర్వాత తనే గడ్డపార పట్టాడు. దొడ్డి చెట్టును కూడా పీకేశాం. గుట్టంతా ముగ్గురి వల్ల ఎక్కడవుతుంది... మా చేను పై వాలు ఒక్కటే చేయగలిగాం.

తొలకరికి ఆ వాలు మీద గడ్డి లేచింది. కర్రావు ముసలిదై పోయేదాకా మా దొడ్లోనే ఉంది.

ఈ కంప ఎక్కడి నుంచి వచ్చిపడిందని ఊళ్ళో ఎవరన్నా అడిగితే, "పిట్టలు తెచ్చినయ్," అనేది అవ్వ... నా వైపు చూడకుండా. పోయేదాకా అదే మాట మీద ఉంది.

మొన్న వెళ్ళాను. ఆ ఒక్క వాలు తప్ప గుట్టంతా అవే రంగుల పూలు. బలుసు పండ్ల కోసం వెతికాను, ఒక్క పొదా కనబడలేదు. మీ ఊరి గుట్ట మీద చిన్నప్పుడు ఏం పండ్లు ఏరుకుని తినేవారు... ఇప్పుడక్కడ ఏం పెరుగుతోంది? చెప్పండి, వినాలని ఉంది.

మా ఊరివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే... పాపం, పిట్టల్ని ఏమీ అనకండి. ఆ కొమ్మ తెచ్చింది నేను. అవ్వా... చెప్పేశానే!