నా మొగుడి నడక

"మా అన్నను నా మీద చెయ్యి ఎయ్యనియ్యకు" అన్నాడు.

"ఎయ్యనియ్య" అన్నాను.

మిర్యాలగూడ దవాఖానలో నాకూ నా మొగుడికీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత కళ్లు మూసుకున్నాడు, మళ్లీ తెరవలేదు.

ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే రైస్ మిల్లులో హమాలీలు. మా బావ ముఠా మేస్త్రి. బస్తాలు వంకరగా పేర్పించింది ఆయనే. అవి కూలి నా మొగుడి ఎడమ కాలు నలిగింది. ఎట్లా జరిగిందని సేటు అడిగితే, తప్పు తన మీదికి వస్తుందని "తాగి ఎక్కిండు సేటు" అన్నాడు బావ. నా మొగుడు కల్లు కూడా ముట్టని మనిషి. కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఆ రోజు నుంచి ఆయన కుంటుకుంటూ రోడ్డు మీదికి వస్తే, పొద్దున్నే ఏసిండా అని నవ్వేవాళ్లు. బతికినన్నాళ్లూ అన్నతో మాట్లాడలేదు.

పాడె లేచేటప్పుడు బావ సూర్యాపేట నుంచి పూలదండ పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆపాను. దండ ఆయన చేతిలోనే వాడిపోయింది. తమ్ముడి పాడె మోయనివ్వలేదట, ఏం చేశాడో ఏమో అని కులంలో మాట పుట్టింది. పుట్టాలనే నేను ఆపింది.

ఆ మాట ఆయన వియ్యాలవారి దాకా పోయింది. ఆ సంగతి నాకు బావ కూతురి పెళ్లి రోజు తెలిసింది. కాలు విరగకముందు ఆ పిల్లను నా మొగుడు భుజాల మీద తిప్పి పెంచాడు, అందుకే సూర్యాపేట వెళ్లాను. ఫంక్షన్ హాల్లో తలంబ్రాలు అయ్యాక లైట్లు ఆర్పి పెద్ద తెర వెలిగించారు. మబ్బులు. మబ్బుల్లోంచి తెల్ల పంచెలో నా మొగుడు దిగి వచ్చాడు. పిల్ల మీద అక్షింతలు వేశాడు. తర్వాత చేతులు చాచి నిలబడ్డ అన్న దగ్గరికి పోయి కావలించుకున్నాడు. హాలంతా ఏడ్చింది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "సూసినవా బిడ్డా, దేవుని కాడ కాలు గూడ బాగైంది" అంది.

నాకు అక్కడే మండింది. అది ఆయన నడక కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, హమాలీల మీద అజమాయిషీ చేసినట్టు నడుస్తోంది ఆ బొమ్మ. ముఖం మాత్రం ఆయనది. అన్నం ముట్టకుండా లేచాను. పోతూ పోతూ పెళ్లికూతురిని అడిగితే, కోదాడ స్టూడియోలో చేయించామంది.

కోదాడ పోయాను. స్టూడియో ఆయన హైదరాబాద్‌లో సినిమాలకు, వీడియో గేములకు గ్రాఫిక్స్ చేసే ఆఫీసులో పనిచేసి వచ్చినవాడు.

"ఫోటోలో ముఖం ఉంటుందమ్మా, నడక ఉండదు. నడక ఎవరో ఒకరు ఇవ్వాలి. వాళ్ల అన్నగారే ఇచ్చారండి, ఒడ్డూ పొడుగూ ఒకటేనని" అన్నాడు.

అంటే మా బావ తనను తానే కావలించుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే, నడక నేనిస్తా, మళ్లీ చేయమన్నాను. బావ చేతులు చాచి నిలబడ్డ ముక్క కూడా కావాలన్నాను. అది వాళ్లది, వాళ్లనడగకుండా ఇవ్వకూడదండి అన్నాడు.

"నా మొగుని ముఖం ఎవరినడిగి ఇచ్చినవ్?"

కంప్యూటర్‌లో ఆ ముక్క వెతికి తీశాడు. ఒంటికి అతుక్కుపోయే నల్ల బట్టలు తెచ్చిచ్చాడు. ఈ వయసులో ఆ వేషంలో నన్ను చూస్తే నా మొగుడు పడీ పడీ నవ్వేవాడు. మోకాళ్లకు, మోచేతులకు, భుజాలకు తెల్ల చుక్కలు అంటించాడు. చుట్టూ కెమెరాలు పెట్టాడు. కంప్యూటర్‌కు నేను అక్కర్లేదట, ఆ చుక్కలు ఎట్లా కదులుతున్నాయో అదే కావాలట.

నడిచాను. ఎడమ పాదం బయటికి తిప్పి, ఆ మోకాలి మీద చెయ్యి ఊని, కాస్త ఆగి, మళ్లీ. ఎన్నేళ్లు ఆ నడక పక్కన నడిచాను! తెర మీద ముఖం లేని బూడిద రంగు బొమ్మ ఒకటి కుంటుతూ వచ్చింది. ముఖం పెట్టకముందే అది ఆయన. ఇంకోసారి తిప్పమన్నాను. మళ్లీ ఇంకోసారి.

సంవత్సరీకానికి అందరినీ పిలిచాను. పాత హమాలీలను, బావను, బావ వియ్యంకుడిని. కోపం పోయిందనుకుని బావ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. మా ఇంటి ముందు టెంటు కింద తెర కట్టించి పెట్టాను. అందులో నా మొగుడు లుంగీలో కుంటుకుంటూ వచ్చాడు. పెళ్లి వీడియోలోని బావ చేతులు చాచి నిలబడ్డాడు. నా మొగుడు ఆయన ముఖంలోకి చూశాడు. వెనక్కి తిరిగి, అదే కుంటు నడకతో వెళ్లిపోయాడు. బావ చేతులు చాచి అట్లాగే ఉన్నాడు. అక్కడ ఆపించాను.

బావ మెల్లగా, "నడిసింది నువ్వే గదమ్మా" అన్నాడు.

"నడక ఆయనది బావా. మంచిగ సూడు. తాగినోని నడక గాదది, బస్తాలు మీద పడ్డోని నడక."

బావ లేచి చెప్పులు వేసుకున్నాడు. వియ్యంకుడు మాత్రం లేవలేదు. కాలు ఎట్లా విరిగిందని నన్ను అడిగాడు. చెప్పాను. నేను మరిచింది హమాలీలు చెప్పారు. బావ బయట ఆటో కోసం నిలబడి అంతా విన్నాడు. ఆ రోజు నాకు అన్నం రుచిగా తగిలింది.

ఇప్పుడు ఆయన అదంతా గ్రాఫిక్స్, అబద్ధం అని చెప్పుకుంటూ తిరుగుతున్నాడట. కూతురి పెళ్లిలో తను వేయించింది ఏమిటో మరి. అందుకే బొమ్మ లేకుండా ఒట్టి మాటగా ఇది నా చెల్లెలి బిడ్డతో రాయిస్తున్నాను. ఆ పిల్ల మనసు మెత్తన, మా బావను చూసి కూడా పెదనాన్న పాపం అంటుంది.

ఇగ సదువు బిడ్డా, మొదటి నుంచి. బావను యాడన్న మంచోన్ని చేసినవేమో సూస్త. ముందుగాల నేనన్న మాట సదువు, "ఎయ్యనియ్య" అన్నది.