మచ్చ రేకులో పిట్ట

ఇస్త్రీపెట్టె పాడైతే పారేసి కొత్తది కొనుక్కోవాలి గానీ, ఇంకా బాగుచేయించుకునే వాళ్లు ఎవరున్నారని మా అల్లుడు నవ్వాడు. ఎవరో ఎందుకు, నేనున్నాను. ఎనభై దాటిన నన్ను ఎప్పటికప్పుడు బాగుచేయించి వాడుకుంటూనే ఉన్నారు కదా, ఇస్త్రీపెట్టె ఏం పాపం చేసింది అనుకుని, దాన్ని గుడ్డసంచిలో వేసుకుని, నెల్లూరులో మా వీధి చివర ఉన్న రిపేరు అంగడికి నిన్న పొద్దున నేనే నడిచి వెళ్లాను. అంగడతను మరలు విప్పి, లోపలి నుంచి తీగ చుట్టిన పలక ఒకటి బయటికి లాగి, ఇది కాలిపోయింది అవ్వా, కొత్తది వేయాలి అంటూ నా ముందు బల్ల మీద పడేశాడు. తీగ తెగిన చోట ఆ పలక తళుక్కుమంది. నా చేయి నన్ను అడగలేదు. బొటనవేలి గోరు దాని అంచుకు ఆనించి, కొంచెం మెలిపెట్టి, చూస్తుండగానే ఒక పొర విప్పేశాను. అతను పని ఆపి నా వేళ్ల వైపు చూశాడు. అది అభ్రకం, మావాళ్లు కాకిబంగారం అనేవాళ్లు. పందొమ్మిదో ఏట మొదలుపెట్టి పదిహేనేళ్ల పాటు గూడూరులో నేల మీద కూర్చుని నేను చీల్చింది దాన్నే.

మాది గూడూరు దగ్గర కోట అనే ఊరికి తూర్పున సముద్రం ఒడ్డు పల్లె. అరవైల మొదట్లో ఒక గాలివానకు మా నాయన తెప్పా వలలూ రెండూ పోయాయి. గూడూరులో ఉన్న మా చిన్నమ్మ నన్ను తీసుకుపోయి అభ్రకం షెడ్డులో చేర్పించింది. ఎనిమిదో తరగతి చదివాను కాబట్టి ఏదో రాతపని ఇస్తారని నేను కలలు కన్నాను గానీ, అక్కడి మేస్త్రి నా చదువు సంగతి అడగకుండా చేతులు చాపమని, వేళ్లు సన్నగా ఉన్నాయని చూసుకుని, ఆడవాళ్ల వరసలో కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పొయ్యి వెలిగింది నా కూలి మీదనే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నేను దీని వెనకాలే దాక్కుంటాను.

మీలో నా ఈడు వాళ్లు, గూడూరు వైపు వాళ్లు, ఆ షెడ్లను చూసే ఉంటారు. పొడుగాటి రేకుల షెడ్డు, ఒక పక్కన వరసగా కిటికీలు, వాటి ఎదురుగా గోనెపట్టాల మీద ఇరవై మంది ఆడవాళ్లం. గనుల నుంచి వచ్చిన దిమ్మను రెండంచుల చాకుతో పొరలు పొరలుగా విడదీసి, మచ్చలేని రేకు ఒక గంపలోకి, మచ్చ ఉన్నది వెనక కుప్పలోకి వేయాలి. చేయి తెగకుండా బొటనవేలికి పాత సైకిలు ట్యూబు ముక్క తొడుక్కునేవాళ్లం, అయినా తెగేది. ఆ పొడి తలలో, రెప్పల మీద, సద్దిగిన్నెలో, ఎక్కడంటే అక్కడ. సాయంత్రం ఎండలో ఇళ్లకు పోతుంటే మా తలలు మెరిసేవి, మహారాణులు పోతున్నారు దారివ్వండని టీకొట్టు దగ్గర మగవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. మహారాణుల నడుములు రాత్రంతా ఎట్లా లాగుతాయో వాళ్లకేం తెలుసు. మాట్లాడితే మేస్త్రికి కోపం, తలెత్తితే కోపం. ఆయన మరీ చెడ్డవాడని కూడా చెప్పలేను, ఎప్పుడూ తలనొప్పితో బాధపడే మనిషి.

అట్లాంటి రోజులో కూడా మాకు కొన్ని సంతోషాలు ఉండేవంటే ఇప్పటివాళ్లకు నవ్వొస్తుంది. పదకొండు గంటలప్పుడు మద్రాసు పోయే బండి మా షెడ్డు వెనకగా వెళ్తూ పొడుగ్గా కూత వేసేది. ఆ డ్రైవరు మా కోసమే కూస్తాడని, మాలో ఎవరో ఒకరి మీద ఆయనకు మనసుందని, ఆ ఒకరు ఎవరా అని పందాలు వేసుకునేవాళ్లం. అక్కడ రైలుగేటు ఉందని, ప్రతి డ్రైవరూ ప్రతి బండికీ అక్కడ కూయాల్సిందేనని నాకు తెలిసేసరికి మూడేళ్లు పట్టింది. తెలిసినాక ఎవరికీ చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద సంతోషం మాత్రం బొమ్మలది. మచ్చ రేకుల్లో మచ్చ ఒక్కోసారి బొమ్మగా పడి ఉండేది. నల్లగానో తుప్పురంగుగానో, ఒకదాంట్లో తాటిచెట్టు, ఒకదాంట్లో గడ్డం ముసలాయన, ఒకసారి అచ్చంగా మా మేస్త్రి బొజ్జ. అట్లాంటిది ఎవరికి దొరికినా నోరు విప్పకుండా పక్కామె మోకాలి మీద పెట్టాలి. ఆమె కిటికీ వైపు ఎత్తి చూసి తన పక్కామెకు ఇవ్వాలి. అట్లా ఇరవై చేతులు దాటి ఆ రేకు కుప్పలోకి పోయేది. ఎవరికి ఏం కనబడిందో సాయంత్రం గేటు దాటినాకే చెప్పుకోవాలి. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేనాటికే ఉంది. మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు, ఎందుకంటే ఎంత మంచి బొమ్మ అయినా మచ్చ రేకుకు విలువ లేదు. ఆ కుప్పను నెలకోసారి షెడ్డు వెనక గుంటలో పోసేసేవాళ్లు.

నా పక్కన కూర్చునే ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. చాకు పట్టడం, తెగిన వేలికి పసుపు అద్దడం, మేస్త్రి ఎప్పుడు వెనక్కి తిరుగుతాడో చెవులతో కనిపెట్టడం, అన్నీ నేర్పింది ఆమే. చర్చికి పోయే మనిషి. సంచిలో ఎప్పుడూ కీర్తనల పుస్తకం ఉండేది, మధ్యాహ్నం తిన్నాక అది తెరిచి పెదవులు కదుపుతూ లోలోపల పాడుకునేది. మొగుడు లేడు, ఒకటే కూతురు, నెల్లూరులో మిషను హాస్టల్లో ఉండి ఎస్సెల్సీ చదువుతోంది. పరీక్ష అయ్యాక టీచరు ట్రైనింగుకు పంపాలని అక్క పట్టుదల. ఇంకొక్క ఏడాది ఈ షెడ్డులో నా వేళ్లు పనిచేస్తే చాలు, తర్వాత ఊడిపడినా పర్లేదు అనేది. ఆ పిల్ల నెలకొక ఆదివారం వచ్చేది. వచ్చినప్పుడల్లా అక్క ఈ బొమ్మల గురించి చెప్పడం, అమ్మ కథలు అల్లుతోందని ఆ పిల్ల నవ్వడం. ఒక్కటి తీసుకుపోయి చూపిద్దామంటే గేటు దగ్గర సోదా. కొప్పు విప్పించి, కొంగు దులిపించి, సద్దిగిన్నె మూత తీయించి గానీ ఎవరినీ వదిలేవాళ్లు కాదు. మచ్చ రేకైనా మంచి రేకైనా బయటికి పోతే దొంగతనమే. ఒక్క అక్క పుస్తకాన్ని మాత్రం సోదా చేసే ఆమె ముట్టుకునేది కాదు, దేవుడి పుస్తకమని.

ఒక శనివారం పొద్దున నా చాకు కింద ఒక పిట్ట వచ్చింది. దిమ్మ చీల్చగానే మొదటి రేకులో రెక్కలు పూర్తిగా చాపిన పిట్ట. దాని కిందిదాంట్లో అదే పిట్ట రెక్కలు సగం ముడుచుకుంది. మూడోదాంట్లో ముడుచుకుని కూర్చుంది. నాలుగోదాంట్లో ఉట్టి మరక. అన్నేళ్లలో అట్లాంటిది ఎవరూ చూడలేదు. మూడు రేకులూ ఒకదాని వెనక ఒకటి వరస చివరిదాకా పోయి వచ్చాయి. ముసలామె ఒకామె కళ్లు తుడుచుకోవడం చూశాను. అక్క రెక్కలు చాపిన పిట్టను అందరికంటే ఎక్కువసేపు వెలుతురుకు పట్టుకుని, మా నియమం తప్పి నా చెవిలో ఒక మాట అంది.

“ఇది జూస్తే మా పాప నమ్ముతాదిమే.”

మర్నాడే ఆ పిల్ల వచ్చే ఆదివారం. మధ్యాహ్నం తిని, పాడుకుని, పుస్తకం సంచిలో పెట్టి అక్క నీళ్ల తొట్టి దగ్గరికి పోయినప్పుడు, ఉల్లిపొర కంటే పల్చని ఆ రేకును కీర్తనల పుస్తకం మధ్యలో పెట్టి మూసేశాను. ఇంటికి పోయి పాట కోసం పుస్తకం తెరిచినప్పుడు ఆమె మొహం ఎట్లా ఉంటుందా అని మధ్యాహ్నమంతా నాలో నేనే నవ్వుకుంటూ పనిచేశాను. అంత సంతోషంగా ఆ షెడ్డులో నేను ఏ పూటా పనిచేయలేదు.

సాయంత్రం గేటు దగ్గర మేస్త్రి స్వయంగా నిలబడి ఉన్నాడు. ఆ వారంలో మంచి రేకులు కొన్ని కనబడకుండా పోయాయట, సోదా గట్టిగా చేయమని పైనుంచి మాట వచ్చిందట. అక్క నాకు ఐదుగురి ముందు ఉంది. కొప్పు విప్పించారు, కొంగు దులిపించారు. సోదా చేసే ఆమె పుస్తకాన్ని ఎప్పటిలాగే వదిలేసింది. మేస్త్రి సంచి వైపు ఒక చూపు చూశాడు, అంతే. ఆ చూపుకు అక్కకు రోషం వచ్చింది. పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఇందులో కూడా చూసుకోండని తనే పుస్తకం తీసి, అట్టలు రెండూ పట్టుకుని, తలకిందులు చేసి దులిపింది.

రేకు బరువైనదైతే ఠపీమని పడేది. అది పల్చనిది కాబట్టి, ఎండలో అటూ ఇటూ తిరుగుతూ, మెరుస్తూ, అందరూ చూసేంత తీరిగ్గా కిందికి వచ్చింది. అక్క వంగి దాన్ని తీసుకుంది, చూసింది. ఎవరి చాకు కింద వచ్చిన పిట్టో ఆమెకు తెలుసు. వరసలో ఉన్న అందరికీ తెలుసు. ఇదేందని మేస్త్రి అడిగాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

“నా పుస్తకంలో ఉండేది నాది గాక ఎవురిది సార్.”

అప్పుడు నా నోరు పెగల్లేదు. ఆమె ఒక్కసారి నా వైపు చూసి ఉంటే చెప్పేసేదాన్నని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. మా నాయన, మా అమ్మ, వెలగాల్సిన పొయ్యి, అన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి, నిజమే. వాటికంటే ముందు గుర్తొచ్చింది నా భయం. సోమవారం నుంచి నా పక్కన గోనెపట్టా ఖాళీ. విలువ లేని రేకు కదా, ఈసారికి వదిలేయండని అడగడానికి కూడా మాలో ఒక్కరికీ నోరు రాలేదు.

ఆ తర్వాత మా వరసలో బొమ్మలు చేతులు మారలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అని ఉంటే బాగుండేది. ఒకసారి నాకు మంచి బొమ్మ దొరికి, అలవాటు కొద్దీ కొత్తగా వచ్చి కూర్చున్న పక్కామె మోకాలి మీద పెడితే, ఆమె దాన్ని చాకు మొనతో తీసి, చూడకుండానే కుప్పలో వేసింది. ఆమెకు ఎవరు చెప్పారో మరి. మేస్త్రికి మాత్రం నేను నచ్చాను. నోట్లో నాలుక లేని పిల్ల, తన పనేదో తనది అని మెచ్చుకుని, రెండేళ్లకు నన్ను వరసకు పెద్దను చేశాడు. నేను కాదనలేదు.

అక్కను మళ్లీ చూసింది నాలుగు నెలల తర్వాత, నిమ్మకాయల మార్కెట్టులో. కాయలు గ్రేడు చేసి బస్తాలకు ఎత్తే కూలికి చేరిందని విని, ఎట్లాగైనా తప్పు ఒప్పుకుందామని, మేస్త్రి దగ్గరికి పోయి చెబుతానని ఆమెకు మాటిద్దామని వెళ్లాను. నేల మీద కాయల రాశి ముందు కూర్చుని ఉంది. అభ్రకం కోసిన వేళ్లు నిమ్మకాయల పులుపుకు పాచిపోయి, పగిలి, ఎర్రగా ఉన్నాయి. పక్కనే ఆమె కూతురు, జడ బిగించుకుని, తనూ కాయలు ఏరుతోంది. హాస్టలు, ఎస్సెల్సీ ఏమయ్యాయని నేను అడగక్కర్లేకపోయింది. నన్ను చూడగానే అక్క చోటు జరిపి కూర్చోమంది, చిన్నమ్మ ఆరోగ్యం అడిగింది, మా నాయన కొత్త వలలు కొన్నాడా అని అడిగింది. నేను మాట మొదలుపెట్టే లోపల ఆ పిల్ల నా వైపు తిరిగింది.

“అక్కా, నిజంగానే దాంట్లో పిట్ట ఉండిందా?”

ఉండిందని చెప్పాను. రెక్కలు చాపుకుని ఉండిందని చెప్పాను. ఆ పిల్ల చేతిలో కాయ అట్లాగే పట్టుకుని, అది ఎవరికి దొరికిందని అడిగింది. ఇంతకంటే మంచి సమయం నాకు జన్మలో రాదు. అక్కడ మేస్త్రి లేడు, పోయే ఉద్యోగం లేదు, భయపడడానికి ఏమీ లేదు. నేను నోరు తెరిచాను కూడా. అక్క కాయల మీద నుంచి తలెత్తకుండానే జవాబు చెప్పేసింది.

“నాకే దొరికింది. నాకు గాక ఎవురికి?”

నేను నోరు మూసుకున్నాను. గేటు దగ్గర మూసుకున్నది నా ఇంటి కోసమని ఎవరైనా సర్దిపుచ్చవచ్చు. ఇక్కడ ఎవరి కోసం మూసుకున్నానో ఈరోజుకూ చెప్పలేను. అక్క లేచి నా కొంగులో దోసెడు కాయలు పోసి, పొద్దుపోతోంది ఇక ఇంటికి పో అమ్మే అంది. కోపంతో అన్నదే అయితే కొంత తేలికగా ఉండేది. అవి మోసుకుంటూ ఇంటికి వచ్చాను, మా చిన్నమ్మ ఊరగాయ పెట్టింది, ఆ ఊరగాయ నేను ముట్టుకోలేదు. మళ్లీ ఎప్పుడూ ఆ మార్కెట్టు వైపు పోలేదు. నాకు పెళ్లయి నెల్లూరు వచ్చేశాక, వాళ్లు తడ ఊరి వైపు బంధువుల దగ్గరికి వెళ్లిపోయారని ఎవరో అన్నారు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ స్థలంలో కల్యాణ మండపం కట్టారట. అభ్రకం చీల్చే ఆడవాళ్లు గూడూరులో ఎంతమంది మిగిలారో నాకు తెలియదు. మా మనవరాలి ఫోనులో గంటకు వంద బొమ్మలు వస్తాయి, వేలితో తోసేస్తుంది, పక్కన కూర్చున్న నాకు ఒక్కటీ చూపించదు. దాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఇరవై చేతుల మీదుగా పోయే బొమ్మను మధ్యలో ఆపేసింది నేనే కదా.

నిన్న ఆ అంగడిలో విప్పిన పొరను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాను. మచ్చలేని రేకు, అప్పట్లో అయితే మొదటి గంపలోకి పోయేది. దాంట్లో ఏమీ లేదు. ఇది నేను తీసుకోవచ్చా అని అంగడతన్ని అడిగితే, తీసుకో అవ్వా, దేనికీ పనికిరాదది అన్నాడు. బాగైన ఇస్త్రీపెట్టె సంచిలో, రేకు చేతిలో పట్టుకుని బయలుదేరి, గడప దగ్గర నాకు తెలియకుండానే ఆగి, కొంగు దులుపుకోవడానికి చేయి ఎత్తాను. ఏమైంది అవ్వా, ఏమన్నా మరిచిపోయావా అని వెనక నుంచి అడిగాడు. లేదని చెప్పి, అయినా ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. నన్ను ఎవరూ సోదా చేయలేదు.