చాచా కాపాడిన నిదానం

జూలై పదహారు, గురువారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం అమ్మ ఫోను.

నేను ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా పిన్ని ఇంట్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అమ్మ పొద్దునపూట ఫోన్ చేయదు. ఎప్పుడు చేసినా రెండు మాటల్లో ముగిస్తుంది. ఆ రోజు మాత్రం మా ఊరు ములకలపల్లిలో పడుతున్న వాన గురించి, వాగు గురించి, తడిసిన కట్టెల గురించి చెబుతూనే ఉంది.

"ఏందమ్మా, అసలు సంగతి చెప్పు" అన్నాను.

"లేత్ చాచా పోయిండు బిడ్డా. రాత్రి పండుకున్నోడు పండుకున్నట్టే" అంది.

బస్సులు మారి నేను ఇల్లు చేరేసరికి చాచాను తీసుకెళ్లిపోయారు. మధ్యాహ్నం నమాజు తర్వాత ఆగలేదట. వాళ్ల వసారాలో ఆయన లేత్ మిషన్ మీద ఒక దుప్పటి కప్పి ఉంది. గోడ పక్కన చెప్పులు చాలా ఉన్నాయి. ఆయన భార్య, మా చాచీ, లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి, "తిన్నవా?" అని మాత్రం అడిగింది.

చాచా మాకు చుట్టం కాదు, పక్కింటాయన. కట్టెను గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే లేత్ మిషన్ ఆయనది. చపాతీ కర్రలు, ఊయల కాళ్లు, పిల్లలు నిలబడి నడక నేర్చుకునే మూడు చక్రాల బండ్లు చేసేవాడు. చెక్కడం చాచా పని, రంగు వేయడం చాచీ పని. కుంచెతో వేసే రంగు కాదది. తిరుగుతున్న కట్టెకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనించి పడితే, రాపిడి వేడికి లక్క కరిగి కట్టెకు పట్టుకుంటుంది. ఆ తర్వాత ఎండిన మొగలాకు ముక్కతో అదిమితే మెరుపు వస్తుంది. దీనికంతటికీ మిషన్ నిదానంగా తిరగాలి. చెక్కేటప్పుడు ఎంత వేగమైనా నడుస్తుంది గానీ, లక్క పట్టేటప్పుడు వేగం ఎక్కువైతే అది కాలి నల్లబడి చిందుతుంది.

ఇద్దరికీ ఒకటే మిషన్. వేగం పెంచడానికీ తగ్గించడానికీ దాని పక్కన ఒక చిన్న పెట్టె, పెట్టె మీద తిప్పే నాబ్. చాచా తన పని అయిపోగానే నాబ్‌ను నిదానం వైపు తిప్పి లేచేవాడు. "ఇగ నువ్వు రా" అని పిలవడం నేనెప్పుడూ వినలేదు. మోటారు చప్పుడు మారగానే చాచీ చేతులు తుడుచుకుంటూ వచ్చేది.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, వేసవి సెలవుల్లో, ఆ నాబ్ చెడిపోయింది. కొంచెం తిప్పితే మిషన్ కదలదు. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంటుంది. మధ్యలో ఏమీ లేదు. మొదటి రోజే లక్క చింది చాచీ మణికట్టు మీద బొబ్బ లేచింది. మిషన్ కొన్నచోట అడిగితే పెట్టె మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ధర విని చాచా "మంచిది" అని ఫోన్ పెట్టేశాడు.

"వద్దులే. సాదా కర్రలు చేసి అమ్ముకుందాం. రంగు లేకుంటే చపాతీ కాదా ఏంది?" అంది చాచీ.

"నాకేమైతది? నేను ఏ స్పీడ్‌ల అయినా చెక్కుత. మరి నీ చెయ్యి ఊకె కూసుంటదా?" అన్నాడు చాచా.

"కూసుంటది. ఇన్నేండ్లకు దానికీ సెలవులే."

"గట్ల కూసుంటే నీ నోరు పనిచేస్తది. నాకు అదే భయం."

చాచీ నవ్వింది గానీ, ఆ సాయంత్రం లక్క కడ్డీలన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. చాచా అది చూశాడు. మర్నాడు పొద్దున నన్ను పిలిచాడు.

"బేటీ, నీ కండ్లు మంచిగున్నయ్. జర వచ్చి లోపల సన్నగ రాసినయ్ చదువు."

ఆయన వెంటనే విప్పలేదు. ముందు మిషన్ పూర్తి వేగంతో నడిపించి చెవి పెట్టి విన్నాడు. చప్పుడులో తేడా లేదు, వణుకు లేదు. "ఉరుకుడు మంచిగనే ఉరుకుతున్నది. అంటే మోటర్ ఖరాబ్ కాలే, బోర్డు కూడ ఖరాబ్ కాలే. చెప్పేటోడే సక్కగ చెప్తలేడు" అంటూ నాబ్ వైపు చూపించాడు. ఆయన దగ్గర నేను మొదట నేర్చుకున్న మాట అదే: ఉన్నది ఉన్నట్టు చూడు, తర్వాత విప్పు. ఇప్పుడు పాఠం చదివేటప్పుడు కూడా నాకు ఆ మాట పనికొస్తోంది. అర్థం కాని వాక్యాన్ని ముక్కలు చేసే ముందు ఒకసారి పూర్తిగా చదువుతాను.

ప్లగ్ తీసేసి, "కరెంటు తీసినా లోపట కొంచెం దాసుకుంటది. చాయ్ తాగుదాం" అన్నాడు. చాయ్ అయ్యాక పెట్టె తెరిచాడు. నాబ్ కింద పాత రేడియోల్లో వాల్యూమ్ పెంచేదానిలాంటి చిన్న భాగం ఉంది. అలాంటిది రేడియోలో చెడిపోతే తిప్పినప్పుడు గరగరమంటుందని ఆయనకు తెలుసు. దాని రేకు మూత ఎత్తితే లోపల గోధుమరంగు జిగురు, ఆ జిగురులో కట్టె పొట్టు. పొట్టు సరే, ఎప్పుడూ ఎగిరేదే. జిగురెక్కడిది? గ్రీజు కాదు. లక్క కూడా కాదు. చాచా ఎంతసేపు చూసినా తెలియలేదు.

చాచీ వచ్చి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె ముఖం మారింది.

"సాంబ్రాణి" అంది.

ప్రతి గురువారం సాయంత్రం చాచీ గరిటెలో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, ఇల్లంతా తిప్పేది. మిషన్ దగ్గర మరికొంచెంసేపు ఎక్కువ ఆగేది. దిష్టి తగలొద్దని, తమకు అన్నం పెట్టేది అదేనని, ఆ పెట్టె కిందే గరిటె పట్టుకుని నిలబడేది. ఇన్నేళ్ల పొగ సందుల్లోంచి లోపలికి పోయి బంకలా పేరుకుంది. మిషన్‌ను అంత ముద్దుగా చూసుకోవడమే దానికి జబ్బయింది.

"నేనే చేసిన" అంది చాచీ.

ఆ భాగాన్ని చాచా కూడా వాసన చూశాడు. "బేటీ, చూసినవా? మనింట్ల మిషన్ కూడ నమాజు చదివే టైపు. ఊదు పొగ లేంది ఉండది" అన్నాడు. చాచీ ఆయన భుజం మీద ఒకటి వేసింది.

స్పిరిట్‌తో తుడిచాం గానీ లోపలి పట్టీ అరిగిపోయింది. చాచా పాల్వంచ వెళ్లి, టీవీలు బాగుచేసే కొట్టులో అదే సంఖ్య ఉన్నది పట్టుకొచ్చాడు. బిగిస్తే ముప్పావు వంతు తిప్పినా మిషన్ పాకుతోంది, చివర్లో దూకుతోంది. నేను పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చదివాను. సంఖ్య ఒకటే గానీ పక్కన అక్షరం వేరు. మర్నాడు మళ్లీ వెళ్లి కొట్టు అతన్ని అడిగితే, ఇచ్చింది రేడియో వాల్యూమ్‌కు వాడే రకమని, దానికి వేగం సమంగా పెరగదని చెప్పి, వేరేది ఇచ్చాడట. రెండోది సరిగ్గా కుదిరింది. మొత్తం ఖర్చు బస్సు చార్జీలకంటే తక్కువని చాచా చాలాకాలం చెప్పుకున్నాడు.

కొత్తదాని ఇరుసు లావుగా ఉండటంతో పాత ప్లాస్టిక్ నాబ్ పట్టలేదు. చాచా ఇరుసును పట్టకారుతో పట్టి తిప్పి మిషన్ నడిపించి, ఆ మిషన్‌కు కావాల్సిన నాబ్‌ను ఆ మిషన్ మీదే ఒక టేకు ముక్కతో చెక్కాడు. అటక మీది గుడ్డ మూట కిందికి దిగింది. చాచీ ఆ నాబ్‌కు పసుపు లక్క పట్టి, పెట్టె మీద తనకు కావాల్సిన వేగం దగ్గర ఎర్ర లక్కతో ఒక చుక్క పెట్టింది.

గురువారం వచ్చింది. చాచీ గరిటె పట్టుకుని మిషన్‌కు దూరంగా నిలబడింది. ఇగ నుంచి దీనికి పొగ వద్దా అని అడగలేక అడిగింది. చాచా తన పాత లుంగీ ముక్క తెచ్చి పెట్టెకు బిగించి కట్టాడు. "మనం దుప్పటి కప్పుకుని పండుకుంటలేమా? ఇది గూడ అంతే. పట్టు నీ పొగ" అన్నాడు. అప్పటినుంచి ప్రతి గురువారం లుంగీ ముక్క కట్టడం ఆయన వంతు, పొగ పట్టడం ఆమె వంతు.

ఆయన అనే మాట ఇంకొకటి ఉంది. "మెల్లగ తిరిగేటప్పుడే కట్టె మన మాట వింటది." చెక్కేది ఆయనైనా ఈ మాట చాచీ పనిని చూస్తూ అనేవాడు. నేను కథలు రాయబోయి తొందరపడ్డప్పుడల్లా దీన్ని నాకు నేను చెప్పుకుంటాను. ఆయనకు నేను తెలుగు చదువుతున్నానని తెలుసు. సెలవులకు వచ్చినప్పుడు, "కొత్త మాటేమన్న తెచ్చినవా?" అని అడిగేవాడు. నేనొకటి చెబితే, దాన్ని చాచీ మీద ప్రయోగించి చూసేవాడు. ఒకసారి "మందగమనం" చెప్పాను. "మీ చాచీ నడకకు సరిపోతది" అన్నాడు. లోపలినుంచి గిన్నె చప్పుడు గట్టిగా వినిపించింది.

ఈరోజు బుధవారం. ఇందాక చాచీ నన్ను పిలిచి వసారాలోని బుట్ట తెప్పించుకుంది. దుమ్ముగూడెం వాళ్ల మనవడి కోసం చాచా చెక్కిన మూడు చక్రాల బండి ముక్కలున్నాయి అందులో. అన్నీ నున్నగా ఉన్నాయి. ఒక్కదానికీ రంగు లేదు. చాచీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని వేలితో తడిమి పెట్టేసింది.

"మొగడు పోయినోళ్లు నాలుగు నెలల పది రోజులు బయటికి పోవద్దు, పరాయోళ్ల కంట పడొద్దన్నరు" అంది. "చేతులు కట్టుకోమని ఎవరూ అనలే కద?"

"మిషన్ వసారాల ఉంది కద చాచీ, రోడ్డుకు కనపడ్తది."

"మీ అమ్మ పాత చీర ఒకటి తే. పర్దా కడుదాం."

లేచి వెళ్లి మిషన్ మీది దుప్పటి తీసి చూశాను. నాబ్ ఎర్ర చుక్క దగ్గర ఉంది. పోయిన బుధవారం, తన చివరి రోజు, పని ముగించి లేచేటప్పుడు చాచా ఎప్పటిలాగే తిప్పి వెళ్లాడు. నేను దాన్ని ముట్టుకోలేదు.

రేపు గురువారం. పొద్దున్నే అమ్మ చీరతో వసారాకు అడ్డంగా పర్దా కట్టాలి. చాచా పోయాక చాచీ మళ్లీ అటక మీద పెట్టేసిన లక్క కడ్డీలు దింపాలి. మొదటి చక్రాన్ని నేను బిగిస్తాను, స్విచ్ చాచీ వేస్తుంది. సాయంత్రం పొగ వేళకు లుంగీ ముక్క ఎవరు కట్టాలో చాచీ ఇంకా చెప్పలేదు. అందుకని అది ఎక్కడుందో పొద్దున్నే వెతికి పెట్టుకుంటాను.