గుంత లేని పిట్

పెళ్లయిన కొత్తలో మా ఆయన నోట "పిట్" అనే మాట వచ్చినప్పుడల్లా నాకు లోపల ఏదో గుచ్చుకునేది. ఆయన కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో ఫిట్టరు. నేనూ అదే మిల్లులో రీలింగ్ విభాగంలో నూలు చుట్టేదాన్ని. కొన్ని ఆదివారాలు ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరేవారు. ఎక్కడికని అడిగితే, "పిట్‌లో నిలబడల్ల" అని ఒక్క మాట. సాయంత్రం పెట్రోలు వాసనతో, మొహం వెలిగిపోతూ వచ్చేవారు. మిల్లు నుంచి ఏనాడూ అంత సంతోషంగా వచ్చింది లేదు.

"పిట్ అంటే కుళి, గుంతే కదా. గుంతలో నిలబడినోడి చొక్కాకి మన్ను అంటుకోదా?" అంది పక్కింటి అక్క.

ఆ మాటతో ఇంకో ఆడది ఎవరైనా ఉందేమోనని నాకు అనుమానం పట్టుకుంది. తర్వాతి ఆదివారం ఆయన బస్సు ముందు తలుపున ఎక్కితే, అక్కా నేనూ వెనక తలుపున ఎక్కి తలమీద కొంగు కప్పుకుని కూర్చున్నాం. కినత్తుకడవు దారిలో ఒక మైదానం దగ్గర ఆయన దిగితే మేమూ దిగాం. అక్కడ కార్ల పందెం. చెవులు పగిలే మోత. ఆయన మోకాళ్లమీద కూర్చుని ఒక కారు చక్రం విప్పుతున్నారు. ఎంత వెతికినా గుంత కనబడలేదు.

"మామా, కుళి యాడ?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. కారు యజమాని, పెద్దాయన, నవ్వారు. "పూర్వం తెల్లోళ్ల సీమలో పందెం దారి పక్కన పొడుగ్గా కుళి తవ్వి, దాంట్లో నిలబడి సామాన్లు అందిస్తా ఉండ్రంట అమ్మా. ఇప్పుడు కుళి పాయె, కారు ఆపి చక్రం మార్చే చోటికి ఆ పేరు నిలిచె."

నమ్మకం కుదరక కార్ల వెనక్కి కూడా వెళ్లి చూశాను. నూనె డబ్బాలు తప్ప ఎవరూ లేరు.

ఆ కథ రీలింగ్‌లో చెబితే ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. అప్పటినుంచి మరుగుదొడ్డికి వెళ్లాలంటే "పిట్‌కి పోయొస్తా" అనడం అలవాటైంది. సమ్మె పుకార్లు నడుస్తున్న రోజులవి. మా మేస్త్రికి ఆ మాట మింగుడు పడలేదు.

"పిట్‌లో ఎవురు కూడేది? ఏమి మాట్లాడేది?" అని నన్ను నిలదీశాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. "కారుకి చక్రం మార్చే మాట ఆడోళ్లకి ఎందుకు?" అని కళ్లు చిన్నవి చేశాడు. మర్నాటినుంచి మా వెనకే వచ్చి మరుగుదొడ్డి వాకిట్లో కాపలా నిలబడేవాడు. లోపలున్న వాళ్లకు బయటికి రావాలంటే సిగ్గు, కోపం.

అంతవరకూ మేము అక్కడ ఏమీ మాట్లాడుకున్నది లేదు. ఆ మాటలు అతని అనుమానంతోనే మొదలయ్యాయి. ఒకరోజు రీలింగ్ ఆడవాళ్లమంతా కలిసి మేనేజరు గది ముందు నిలబడి, ఆ వాకిట్లో ఇక మగవాడు ఉండకూడదన్నాం. మేనేజరు మమ్మల్నే అనుమానంగా చూసినా, మేస్త్రిని వేరే విభాగానికి పంపాడు.