తెల్ల పందులకు అల్లుడి మర్యాద

డెబ్బైల మొదట్లో లింగంపల్లిలో పశువుల డాక్టరుగా చేరాను. ఆవులూ గేదెలూ మగ డాక్టర్ల వాటాకు పోగా నాకు పందులు మిగిలాయి. మా చుట్టాలు ఈ సంగతి పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ పందులంటే ఇష్టమే. ఆకలేస్తే అరుస్తాయి, కడుపు నిండితే పడుకుంటాయి, ఒంట్లో బాగోకపోతే దాచుకోవు. అంత నిజాయతీ మా ఆఫీసులో ఎవరికీ ఉండేది కాదు.

కోకాపేట వైపు వెళ్ళే మట్టిబాటలో, బండరాళ్ళ మధ్య ఒక అవ్వ గుడిసె ఉండేది. భర్త పోయినప్పటి నుంచీ తమ్ముడి పందులను సాకుతూ తమ్ముడు పెట్టింది తిని బతికిన మనిషి. ప్రభుత్వం తెల్లజాతి పందిపిల్లలను పంచినప్పుడు నేను పట్టుబట్టి ఆమెకు నాలుగు ఇప్పించాను. అవ్వ వాటిని ఒళ్ళో పెట్టుకుని, "ఇవి నాయేనా డాక్టరమ్మా? మా తమ్మునియి కావు గద?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. నీవే అన్నాను. పుట్టి బుద్ధెరిగాక తనదంటూ ఆమెకు దక్కినవి అవే.

కొద్ది రోజులకే కబురొచ్చింది. వెళ్ళి చూస్తే నాలుగూ నీళ్ళలా పారుకుంటున్నాయి. అన్నిటికంటే చిన్నది లేవడమే లేదు. దాని కళ్ళు లోపలికి పోయాయి.

"ఏం పెడుతున్నావు అవ్వా?"

"మంచిదే పెడ్తున్న. గోధుమపిండిల బెల్లం, పాలు, జర నెయ్యి. అన్నీ అప్పు జేసి తెచ్చిన."

నాకు ఒళ్ళు మండింది. "మరి నువ్వేం తింటున్నావు?"

"జొన్నరొట్టె, కారం. నాకేమైతది?"

ఆ ఊళ్ళో కొత్త అల్లుడు గడపలో కాలు పెడితే వద్దు మొర్రో అన్నా విస్తట్లో నెయ్యి వొంపుతూనే ఉంటారు. ఈ తెల్లటివి పరాయి సీమ నుంచి వచ్చిన కొత్త చుట్టాలని అవ్వ లెక్క. "గింత తెల్లగున్నయి. తవుడు పెడ్తే ఏమనుకుంటయి?" అంది. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది.

పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. తల్లిపాలు మానిన పిల్లల పేగులు ఇంకా లేతగా ఉంటాయి. వాటిలో కంటికి కనబడని జీవాలు కాపురముంటాయి, మంచివీ చెడ్డవీ. జిడ్డూ తీపీ మోతాదు మించి, అరక్క పేగుల్లో నిలిచిపోతే చెడ్డవాటికి పండగే. "నువ్వు పెట్టింది అల్లుళ్ళకు ఒంటబట్టలేదు అవ్వా, వాళ్ళ కడుపులో దూరిన దొంగలు తినేస్తున్నారు" అన్నాను. అవ్వ ముఖం వాడిపోయింది. "అయితే నేనే సంపుకుంటున్ననా?" అంది. చావవు అన్నాను. చిన్నదాన్ని చూస్తే ఆ మాట మీద నాకే నమ్మకం లేదు.

ఆ పూటకు మేత మాన్పించి ఉప్పు కలిపిన గంజినీళ్ళు పట్టించాను. మందు ఇచ్చాను. తర్వాత పల్చటి జొన్న అంబలి, పులిసిన మజ్జిగ కొద్దికొద్దిగా, తేరుకున్నాక తవుడు, తోటకూర అని చెప్పాను. మజ్జిగలో ఉండే మంచి జీవాలు పేగులోకి చేరితే చెడ్డవాటి జోరు తగ్గుతుందని నా ఆశ. అన్నీ కుదిరాయి గానీ అవ్వ ఇంట్లో మజ్జిగ ఎక్కడిది?

మా అత్తగారిది కృష్ణా జిల్లా, మడీ ఆచారం గట్టి. ఆవిడ మజ్జిగ చిలుకుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

"ఎవరికమ్మాయ్?"

"పందిపిల్లలకండి."

కవ్వం ఆగింది. ఆవిడ తలెత్తారు. ఇవాళ తిట్లు తప్పవనుకున్నాను. "ఇది పులవలేదు. నిన్నటిది మూలనుంది, అది పట్టుకెళ్ళు. మా నాన్నగారు విరేచనాలకి అదే పట్టించేవారు" అన్నారు. నాకు ఆవిణ్ణి కౌగిలించుకోవాలనిపించింది, మడి అని ఊరుకున్నాను. అప్పటి నుంచి నేను సైకిలు దిగీ దిగకముందే గుమ్మంలోకొచ్చి, "ఆ చిన్నదానికెలా ఉంది?" అని అడిగేవారు. మూడింటికి తగ్గిందండీ, చిన్నదే ఇంకా పారుకుంటోంది, అంబలి ముట్టదు, అని చెప్పేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం మేం భోజనాలకు కూర్చోబోతుంటే అవ్వ వచ్చింది. అంత దూరం ఎండలో నడిచొచ్చింది. చేతిలో మోదుగాకు దొన్నె. ఏదో ప్రసాదం తెచ్చిందనుకుని అత్తగారు ఎదురెళ్ళారు. అవ్వ దొన్నె ముందుకు చాపింది. "చిన్నది ఏసింది. సూడుండ్రి, ఎంత గట్టిగుందో."

మా ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయారు. నేను దొన్నె అందుకుని వెలుతురులో తిప్పి చూశాను. అంత చక్కటి పెంట నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. సంతోషం పట్టలేక అవ్వ భుజాలు పట్టుకుని ఊపేశాను. అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ముందుకు వంగి చూశారు. "బాగా కట్టింది" అన్నారు. ఆ తర్వాత అవ్వ వైపు పరీక్షగా చూసి అడిగారు.

"నువ్వు అన్నం తిన్నావా అమ్మా?"

"అవి పడ్డకాన్నుంచి నాకు ముద్ద దిగలేదమ్మా. ఇగ తింట."

అత్తగారు వసారాలో విస్తరి వేసి వేడివేడి అన్నం వడ్డించారు. ఎన్నాళ్ళుగానో ఖాళీగా ఉన్న కడుపు కదా అని మజ్జిగ చెంబు ఎత్తారు. అవ్వ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మజ్జిగ వాటికమ్మా. నా కడుపు మంచిగనే ఉన్నది. పప్పు, నెయ్యి ఎయ్యి."